ముక్కలు పంచకముందే ముచ్చట తేల్చుకోవాలె!

ప్లస్ ఫోర్ మీద ప్లస్ ఫోర్ వేయొచ్చా, వేయొద్దా? దసరా సెలవుల్లో నలుగురు కజిన్స్ కలిసి ఊనో డబ్బా తెరిస్తే చాలు, పది నిమిషాల్లో ఈ లొల్లి షురూ. "మా ఇంట్ల గిట్లనే ఆడుతం" అని ఒకరు. "అట్లెట్ల? ఇది తొండి" అని ఇంకొకరు. ఎనిమిది ముక్కలు తీయాల్సి వచ్చిన చిన్నోడు మాత్రం చేతిలోవన్నీ కింద పడేసి లేచిపోతాడు.

నిజానికి ఈ ప్రశ్నకు జవాబు ఎప్పుడో వచ్చేసింది. ప్లస్ ఫోర్ పడితే నాలుగు ముక్కలు తీయాల్సిందే, టర్న్ పోయినట్టే, దాని మీద ఇంకో ముక్క వేసి తప్పించుకోవడానికి లేదు అని ఊనో అధికారిక సోషల్ మీడియా ఖాతానే 2019లో చెప్పింది. జనం విన్నారా? వినలేదు. ఎవరింటి రూల్ వాళ్లే ఆడుకుంటున్నారు. అందులో తప్పేం లేదు. ఇంటి ఆటకు ఇంటి రూల్ ఉండొచ్చు. కాకపోతే ఆ రూల్ ఆట మొదలవకముందే అందరికీ తెలియాలి. ఓడిపోయే టైంకి బయటికొచ్చే రూల్‌నే మన దగ్గర తొండి అంటారు.

జనగామ, మానుకోట, భూపాలపల్లి... ఎక్కడైనా మనం దోస్తులతో ఆడే కార్డు ఆటకు రిఫరీ ఉండడు. హాస్టల్ రూంలో మంచం మీద, కాజీపేట వైపు పోయే ప్యాసింజర్ రైల్లో, సింగరేణి క్వార్టర్స్ ముందు అరుగు మీద, లేదంటే ఎవరి ఫోన్‌లో వాళ్లు ఆడేస్తుంటాం. తీర్పు చెప్పేవాళ్లు లేని ఆటలో మర్యాదే రిఫరీ. ట్రేడింగ్ కార్డుల ఆటల్లో అయితే ఈ మర్యాద ఇంకా ముఖ్యం. ఎందుకంటే అక్కడ ముక్కలు అందరివీ కావు. ఎవరి డెక్ వాళ్లది, ఎవరి పైసలు వాళ్లవి.

గెలిస్తే ముక్క నాదేనా?

మీ అన్ననో, బాబాయినో డబ్ల్యూడబ్ల్యూఈ ట్రంప్ కార్డుల గురించి అడిగి చూడండి. అండర్‌టేకర్ ర్యాంకు ఎంత, బిగ్ షో బరువు ఎంత అని ఇప్పటికీ చెప్తారు. ఒకరు "బరువు" అంటారు, అందరూ పైముక్క తిప్పుతారు, ఎక్కువ ఉన్నవాళ్లు మిగతావాళ్ల ముక్కలు గుంజుకుంటారు. ఇంతవరకు రూల్ క్లియర్. లొల్లి మొదలయ్యేది ఆట అయిపోయాకే. గుంజుకున్న ముక్కలు ఎవరివి వాళ్లకు తిరిగివ్వాలా, గెలిచినోడే జేబులో వేసుకోవాలా? గోటీలాటలో కూడా ఇదే పేచీ. "ఉత్తగ ఆడుదాం" అనుకున్నామా, "నిజంగ ఆడుదాం" అనుకున్నామా అన్నది ముందే తేలకపోతే ఒకడు ఏడ్చుకుంటూ ఇంటికి పోతాడు.

ఇదేదో గల్లీ పిల్లల సమస్య మాత్రమే అనుకోకండి. కార్డులు కొని, మార్చుకుని, సొంత డెక్ కట్టుకుని ఆడే ట్రేడింగ్ కార్డ్ గేమ్ అనే పద్ధతికి దారి వేసింది 1993లో అమెరికాలో వచ్చిన "మ్యాజిక్: ది గ్యాదరింగ్". దాన్ని తయారుచేసిన రిచర్డ్ గార్‌ఫీల్డ్ గణితంలో డాక్టరేట్ చేసిన మనిషి. ఆయన మొదటి రూల్స్‌లో ఒక పందెం ఉండేది. ఆట మొదట్లో ప్రతి ఒక్కరూ తమ డెక్ నుంచి ఒక ముక్క పక్కన పెట్టాలి, గెలిచినవాళ్లు అది తీసుకుపోతారు. అంటే మన "నిజంగ ఆడుదాం" లాంటిదే.

అది నిలబడలేదు. ఇష్టపడి కొనుక్కున్న ముక్కను ఒక్క ఆటలో పోగొట్టుకోవడం చాలామందికి నచ్చలేదు. పైగా దానికి జూదం వాసన. కొన్నేళ్లకే ఆ పందెం ఆటలోంచి జారిపోయింది. దానికి సంబంధించిన కార్డులను టోర్నమెంట్లలో నిషేధించారు. గణితం చదివిన మనిషికి కూడా ఆడేవాళ్ల మనసు లెక్కలోకి రావడానికి టైం పట్టింది. ముక్క పోతుందన్న భయం ఉంటే చేతిలో మంచి ముక్క ఉన్నవాళ్లు ఆటకే రారు.

ఇద్దరి ఆట వేరు, నలుగురి ఆట వేరు

ఇద్దరు ఆడితే న్యాయం సింపుల్. ఎదురుగా ఉన్నవాళ్లను ఓడించడమే మీ పని. నలుగురు కూర్చుంటే మాత్రం ప్రతి టర్న్‌లో ఒక ప్రశ్న వస్తుంది: ఎవరిని కొట్టాలి? రూల్ బుక్కు "ఎవరినైనా కొట్టొచ్చు" అంటుంది. మర్యాద అక్కడి నుంచే మొదలవుతుంది.

ఒక రకం ఉంటారు. పొద్దున క్యాంటీన్‌లో జరిగిన గొడవ మనసులో పెట్టుకుని, ఆటలో ఆ ఒక్కడినే పట్టుకుని కొడతారు. ఇంకో రకం, ముందే కూడబలుక్కుని వచ్చి ఇద్దరూ కలిసి మిగతా ఇద్దరిని బయటికి నెట్టేస్తారు. మూడో రకం ఇంకా డేంజర్. తాను ఓడిపోతున్నానని తెలిసిపోయాక "నేనెట్లా గెలవను కాబట్టి నువ్వు మాత్రం గెలవొద్దు" అని చేతిలో ఉన్నదంతా ఒకరి మీద కుమ్మరించి, ఇంకొకరిని గద్దె మీద కూర్చోబెట్టి పోతారు. వీటిలో ఏదీ రూల్‌కు విరుద్ధం కాదు. అయినా ఆట అయ్యాక ఎవరికీ మళ్లీ ఆడాలనిపించదు.

దీనికి తేలికైన గీటురాయి ఒకటుంది. మీరు వేసే ముక్కకు కారణం ఆటలోనే ఉందా, ఆట బయట ఉందా? "వాడు ముందంజలో ఉన్నాడు కాబట్టి కొట్టా" అంటే అది ఆట. "వాడు నిన్న నా మెసేజ్‌కి రిప్లై ఇయ్యలే కాబట్టి కొట్టా" అంటే అది వేరే పంచాయితీ. ఆటలో పొత్తు పెట్టుకోవడం తప్పు కాదు. "ఈ టర్న్ నువ్వు నన్ను వదిలెయ్, వచ్చే టర్న్ నేను నిన్ను వదిలేస్తా" అని అందరూ వినేటట్టు బేరం ఆడితే అది కూడా సరదానే. టేబుల్ కింద వాట్సాప్‌లో ఆడితే అది తొండి.

మొదటి రెండు టర్న్‌లలోనే ఒకరిని బయటికి పంపేయడం కూడా అంతే. గెలుపు కోసం తప్పదంటే సరే. లేకపోతే ఆ మనిషి గంటసేపు గోడకు ఆనుకుని ఫోన్ చూస్తూ కూర్చోవాలి. అతను కూడా ఆడటానికే వచ్చాడు కదా.

చిన్నోడి ముక్క, పెద్దోడి బేరం

ట్రేడింగ్ కార్డుల్లో గొడవలు ఎక్కువ వచ్చేది ఆటలో కాదు, మార్పిడిలో. ఎనిమిదో తరగతి తమ్ముడి దగ్గర అరుదైన పోకెమాన్ ముక్క ఉంటుంది. దాని విలువ వాడికి తెలియదు. ఇంటర్ చదివే అన్న నాలుగు మెరిసే ముక్కలు చూపించి అది పట్టుకుపోతాడు. "వాడే ఒప్పుకున్నడు కదా" అంటాడు. ఒప్పుకున్న మాట నిజమే. తెలిసి ఒప్పుకున్నాడా అన్నదే ప్రశ్న. ధర తెలిసినవాడు తెలియనివాడితో బేరం చేస్తే, ధర చెప్పాల్సింది తెలిసినవాడే.

ఫోన్‌లో ఆడే పోకెమాన్ టీసీజీ పాకెట్ ఈ చిక్కును ఒక రకంగా తప్పించింది. 2024 అక్టోబర్ 30న వచ్చిన ఈ గేమ్‌లో స్నేహితులతో కార్డులు మార్చుకునే సౌకర్యం 2025 జనవరి చివర్లో మొదలైంది. ఒకే స్థాయి అరుదైన కార్డులను మాత్రమే ఒకదానికొకటి మార్చుకోవచ్చు. మామూలు ముక్క ఇచ్చి గొప్ప ముక్క గుంజడం కుదరదు. న్యాయంగానే ఉంది కదా? అయితే మార్చుకోవడానికి ప్రత్యేక టోకెన్లు కావాలని, వాటి కోసం ఉన్న మంచి కార్డులనే కరిగించుకోవాలని పెట్టేసరికి ఆడేవాళ్లు గట్టిగానే గొడవ చేశారు. చివరికి ఆ టోకెన్ల పద్ధతి ఎత్తేశారు. మోసం ఆపడానికి పెట్టిన రూల్, సాయం చేసుకోవడాన్ని కూడా ఆపేస్తే జనం ఊరుకోరు.

చేతిలో పట్టుకునే కార్డుల విషయంలో ఇంకో సంగతి. చిన్న టౌన్లలో తక్కువ ధరకు ప్యాకెట్లలో వచ్చే, బంగారం రంగులో ధగధగలాడే పోకెమాన్ కార్డులు చాలావరకు అసలువి కావు. వాటితో ఆడుకోవడంలో తప్పు లేదు. కానీ తెలిసి తెలిసీ వాటిని అసలువని చెప్పి అసలు ముక్కతో మార్చుకోవడం మాత్రం పచ్చి మోసం.

పైసలున్నోడిదే గెలుపా?

అందరినీ లోపల ఇబ్బంది పెట్టే ప్రశ్న ఇదే, నోరు తెరిచి అడగరు గానీ. ఒకరు వేలు పోసి డెక్ కడితే, ఇంకొకరు చిల్లర కూడబెట్టి కొన్న రెండు ప్యాకెట్లతో వస్తారు. ఆట మొదలవకముందే ఫలితం తేలిపోయినట్టే.

మ్యాజిక్‌లో నలుగురు కలిసి సరదాగా ఆడే "కమాండర్" అనే పద్ధతి ఉంది. 100 ముక్కల డెక్, మామూలు భూమి ముక్కలు తప్ప ఏదీ రెండుసార్లు ఉండకూడదు, ఒక్కొక్కరికి 40 ప్రాణాలు. ఇది కంపెనీ ఆఫీసులో పుట్టింది కాదు, అభిమానులు పెంచింది. వాళ్ల మధ్య "రూల్ జీరో" అని ఒక మాట ఉంది. అంటే మొదటి రూల్ కన్నా ముందు రూల్: ఆడే ముందు మాట్లాడుకోండి. నా డెక్ ఎంత గట్టిది, నీది ఎంత, ఏ ముక్కలు వద్దు... అన్నీ.

మాటలతోనే అన్నీ సర్దుకోలేదు. 2024 సెప్టెంబర్ 23న ఈ ఆట రూల్స్ చూసుకునే అభిమానుల కమిటీ నాలుగు కార్డులను నిషేధించింది. వాటిలో కొన్ని బాగా ఖరీదైనవి. ఆటను మరీ తొందరగా ఒకవైపు లాగేస్తున్నాయన్నది కమిటీ వాదన. ధర పడిపోయిన కోపంలో కొందరు కమిటీ సభ్యులను బెదిరించారు కూడా. వారం తిరిగేసరికి, సెప్టెంబర్ 30న, బాధ్యత మొత్తం ఆట తయారుచేసే విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కంపెనీ చేతికి వెళ్లిపోయింది. 2025 ఫిబ్రవరిలో కంపెనీ డెక్‌లను 1 నుంచి 5 దాకా స్థాయిలుగా విడగొట్టే పద్ధతిని పరీక్షగా తెచ్చింది. "నాది 2, నీది 4 అయితే మనకు కుదరదు" అని చెప్పుకోవడానికి వీలు దొరికింది. సరదా కోసం పుట్టిన ఆట బెదిరింపుల దాకా పోయిందంటే, ముక్కలో పైసలు చూడటం మొదలయ్యాక మనిషి కనబడటం మానేస్తాడన్నమాట.

మన దగ్గర దీనికి చవకైన విరుగుడు ఉంది: జిరాక్స్ షాపు. ఖరీదైన ముక్కను ప్రింట్ తీసి, పాత ముక్క మీద పెట్టి, కవర్‌లో వేసుకుని ఆడటాన్ని "ప్రాక్సీ" అంటారు. అధికారిక టోర్నమెంట్లలో ఇది కుదరదు. ఇంట్లో ఆడుకునే చాలా గ్రూపులు మాత్రం ఒప్పుకుంటాయి. షరతులు రెండే. ముందే చెప్పాలి, దాన్ని అమ్మకూడదు. ఇంకా సులువైన పద్ధతి: పైసలున్న దోస్తు రెండు డెక్‌లు తెచ్చి, ఒకటి ఎదుటివాళ్లకు ఇచ్చి ఆడటం. అప్పుడు గెలిస్తే అది చేతి గెలుపు, జేబు గెలుపు కాదు.

పందెం దగ్గర గీత

కార్డులనగానే మన ఇళ్లలో పెద్దలు ఉలిక్కిపడతారు. కారణం ఉంది. పత్తాలాటలో పైసలు పోగొట్టుకున్న ఇళ్లు మనకు తెలియనివి కావు. సికింద్రాబాద్‌లోని ఒక రిక్రియేషన్ క్లబ్ కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అని, మూడు ముక్కలాట లాంటివి పూర్తిగా అదృష్టం మీద నడిచేవని తేడా చూపింది. కానీ ఫోన్‌లోకి పైసల ఆట వచ్చాక సీన్ మారింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను, సరదా ఆటలను వేరు చేసింది. కాబట్టి కార్డుల గ్రూపులో ఎవరైనా "ఊకెనే ఏం మజా, వంద పెట్టుకుందాం" అన్నారంటే అది మర్యాద ముచ్చట దాటిపోయినట్టే. లేచి రావడమే మేలు.

పంచే ముందు ఐదు మాటలు

రెండు నిమిషాలు చాలు. ఉత్తగ ఆడుతున్నామా, గెలిచిన ముక్క ఉంచుకుంటామా? ఇంటి రూల్స్ ఏమేం ఉన్నాయి? ఎవరి డెక్ ఎంత గట్టిది, ప్రింట్ ముక్కలు నడుస్తాయా? వేసిన ముక్క వెనక్కి తీసుకోవచ్చా, ఒకసారేనా? మధ్యలో ఎవరికైనా బస్సు టైం అయితే వాళ్ల ముక్కలు ఏం చేస్తాం?

ఈ ఐదూ తేలాక ఆటలో ఎంత గట్టిగా కొట్టుకున్నా ఎవరూ తొండి అనరు. కొత్తగా వచ్చినవాళ్లుంటే మొదటి ఆట ముక్కలు తెరిచి చూపిస్తూ ఆడండి. గెలిచినవాళ్లు "మంచిగ ఆడినవ్" అని ఒక్క మాట అనండి. ఓడినవాళ్లు ముక్కలు లెక్కపెట్టి, సర్ది, డబ్బాలో పెట్టి లేవండి. వచ్చే ఆదివారం ఆ డబ్బా మళ్లీ తెరవాలంటే నలుగురూ రావాలి కదా!