విందులకు బ్రాకలీ సలాడు

బ్రాకలీ కాలీఫ్లవరుకు దగ్గరి చుట్టము. దీనిని చిక్కని మయోనైజుతో కలిపి విందులలో వడ్డింతురు. అపాయము కూరలో కంటె ఆ మయోనైజులోనే ఎక్కువ. పచ్చి గ్రుడ్లతో చేసినదానియందు సాల్మొనెల్లా క్రిములుండవచ్చును. 2024 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వము అట్టిదానిని ఏడాదిపాటు నిషేధించినది.

బదులుగా, గుడ్డలో వ్రేలాడగట్టి నీరు దింపిన పెరుగును వాడవచ్చును, రుచికి లోటుండదు. పువ్వులను విడదీసి, ఉప్పునీటిలో కొంతసేపు ఉంచి, మంచినీటితో బాగుగా కడుగవలెను. పిమ్మట మరుగునీటిలో రెండు నిమిషములు ముంచి, వెంటనే చల్లార్చి, తడి లేకుండ ఆరనీయవలెను. తడి మిగిలినచో పెరుగు పలుచబడి సలాడు నీళ్లోడును. పెరుగులో ఉప్పు, మిరియాలపొడి, ఉల్లిముక్కలు, ఎండుద్రాక్ష చేర్చి పువ్వులతో కలుపవలెను. వేయించిన వేరుసెనగపప్పును వడ్డించునపుడే చల్లవలెను.

నిమ్మరసము పిండినంత మాత్రమున క్రిములు నశింపవు. సలాడును చల్లగా ఉంచి, కొద్దికొద్దిగా పందిటిలోనికి తేవలెను. బయట రెండు గంటలు, మండువేసవిలో ఒక గంట దాటినచో మిగిలినదానిని పారవేయవలెను.