నాకేం వచ్చులెండి అనకండి!

“మీకేమేం వచ్చండీ?” అని కొత్తవాళ్ళెవరైనా అడిగితే ఇంట్లో ఉండే ఆడవాళ్ళం ఠక్కున చెప్పే జవాబు ఒకటుంది. “నాకేం వచ్చులెండి! ఇంటి పనితోనే సరిపోతుంది.” కచేరీలు చేసేవాళ్ళకీ, బొమ్మలు వేసి ఎగ్జిబిషన్‌లో పెట్టేవాళ్ళకీ, కథలు రాసి పేరు తెచ్చుకున్నవాళ్ళకీ మాత్రమే కళ అనేది ఉంటుందనీ, దేవుడు మనకు అది ఇవ్వలేదనీ మనకు మనమే తీర్మానం చేసేసుకుంటాం.

మాది నెల్లూరు జిల్లాలో విడవలూరు అవతల, సముద్రానికి దగ్గరగా ఉండే పల్లె. రాత్రిపూట గాలి తిరిగితే సముద్రం హోరు మా వంటింట్లోకి వినపడుతుంది. మా వైపు చేపల పులుసు చెయ్యటం రాని ఇల్లు ఉండదు. అదే చేప, అదే చింతపండు, అదే మామిడికాయ. అయినా వీధిలో పదిళ్ళుంటే పది రుచులు! ఒకామె మెంతులు, ధనియాలు దోరగా వేయించి పొడికొట్టి దించేముందు చల్లుతుంది. ఇంకొకామె మామిడికాయ ముక్కలు పులుసు బాగా మరిగాక గానీ వెయ్యదు, ముందే వేస్తే చితికిపోతాయని. మా అత్తగారైతే చేప ముక్కలు వేశాక గరిటె పెట్టనిచ్చేది కాదు. మట్టి చట్టిని గుడ్డతో రెండు చేతులా పట్టుకుని గుండ్రంగా తిప్పేది. రుచి చూడకుండా, వాసన పట్టి “ఉప్పు చాల్లా” అనేది. ఎవరు నేర్పారు? కొంత వాళ్ళమ్మ నేర్పింది. మిగతాది తనే కనిపెట్టుకుంది.

ఆ “తనే కనిపెట్టుకున్న” ముక్క ఉంది చూడండి, నేను చెప్పబోయేది దాని గురించే. అది ప్రతి ఇల్లాలి దగ్గరా ఎంతో కొంత ఉంటుంది. దానికి పేరు లేదు కాబట్టి మనం లెక్కలోకి తీసుకోం, అంతే!

రాత్రి బడిలో కట్టిన పాటలు

ఈ మాటకు మన జిల్లాలోనే పెద్ద సాక్ష్యం ఉంది. 1991లో “అక్షర దీపం” పేరుతో నెల్లూరు జిల్లా అంతటా పెద్దవాళ్ళకు చదువు చెప్పారు. పగలంతా పొలం పని, ఇంటి పని చేసుకుని, రాత్రి అన్నాలయ్యాక ఆడవాళ్ళు పలక పట్టుకుని వెళ్ళేవాళ్ళు. అప్పుడు నాకు పదేళ్ళు. మా అమ్మకు తోడు లాంతరు పట్టుకుని వెళ్ళి, ఆవిడ ‘అ’ దిద్దుతుంటే నవ్వేదాన్ని. “నవ్వితే నవ్వావులే గానీ, లాంతరు సరిగ్గా పట్టుకో” అనేది.

ఆ వాచకంలో సీతమ్మ కథ ఒకటుంది. సారా వల్ల ఆమె సంసారం గుల్లవుతుంది. ఊళ్ళో ఆడవాళ్ళు ఒక్కటై సారా దుకాణం మూయిస్తారు. అక్షరాలు నేర్చుకోవటానికి పెట్టిన పాఠం అది. కానీ చదివినవాళ్ళకు అది పాఠంలా అనిపించలేదు, తమ ఇంటి సంగతే అనిపించింది. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్ళు పాఠం చదివి ఊరుకోలేదు, ఊళ్ళోకి సారా రానివ్వం అని అడ్డం తిరిగారు. వాళ్ళకు ముందు నిలబడిన వర్ధినేని రోశమ్మ గారిని లోకమంతా దూబగుంట రోశమ్మ అనే పిలిచింది. ఆమె 2016లో కన్నుమూశారు. 1992లో జిల్లాలో సారా వేలం జరగనివ్వకుండా నెల్లూరుకు ఊళ్ళకు ఊళ్ళు ఆడవాళ్ళే తరలివచ్చారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం కూడా వచ్చింది, 1997లో దాన్ని సడలించేశారు. ఆ కథ వేరే, దాన్ని తల్చుకుంటే కడుపు మండుతుంది.

నేను చెప్పదల్చుకున్నది పాటల సంగతి. వేలాన్ని మన వైపు “పాట” అనే అంటారు కదా! సారా పాట ఆపటానికి ఆడవాళ్ళు పాటలు కట్టారు. మా ఊళ్ళో కట్టిన పాటలు నాకు బాగా గుర్తు. బాణీ కొత్తది కాదు. నాట్లప్పుడు పాడుకునేదో, సంక్రాంతికి గొబ్బిళ్ళ చుట్టూ పాడుకునేదో. అందులో మాటలు మార్చేశారు. కృష్ణుడు ఉన్నచోట కాంట్రాక్టరు వచ్చాడు, వెన్న కుండ ఉన్నచోట సారా కుండ వచ్చింది! ఒకామె ఒక చరణం అంటే పక్కామె రెండోది అందుకునేది. వాళ్ళల్లో చాలామందికి సంతకం చెయ్యటం అప్పుడప్పుడే వస్తోంది. అయినా ప్రాస ఎక్కడా తప్పేది కాదు. అది వాళ్ళ చెవిలోనే ఉంది మరి. పుట్టినప్పటి నుంచీ లాలిపాటలూ, మంగళహారతులూ, అప్పగింతల పాటలూ విన్న చెవి!

మీకేం రాదనుకునేవాళ్ళు మొదట చెయ్యదగిన పని ఇదే. కొత్తది సృష్టించాలి అని కూర్చుంటే భయం వేస్తుంది. మీకు వచ్చిన బాణీ తీసుకోండి, మాటలు మార్చండి. మనవరాలిని ఉయ్యాల ఊపేటప్పుడు పాత లాలిలో ఆ పిల్ల పేరు పెట్టండి, వాళ్ళ నాన్న అల్లరి పెట్టండి, తాతగారి గురక పెట్టండి. ఎవరూ వినకపోయినా ఆ పిల్ల వింటుంది.

చుక్కల లెక్క

ఇక ముగ్గు. మన పత్రికల్లో సంక్రాంతికి వచ్చే ముగ్గుల పేజీ చించి దాచుకోని ఇల్లాలు ఉందా? “15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చేదాకా” అని ఒక్క ముక్క రాస్తే చాలు, మనం వాకిట్లో కూర్చుని పెట్టేస్తాం. అందులో ఎన్ని చుక్కలుంటాయో ఎప్పుడైనా లెక్క పెట్టారా? 169. ఒక్క చుక్క జరిగినా ముగ్గు కలవదు. వెలుతురు రాకముందే, వంగుని, వేళ్ళ సందున పిండి జారుస్తూ ఇంత లెక్క చేసే మనం “నాకు లెక్కలు రావు” అంటాం!

ఈ లెక్కను చదువుకున్నవాళ్ళు గుర్తించారు. తమిళనాడులో కోలం అంటారు కదా, దాని మీద మద్రాసులో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ అనే ముగ్గురు పరిశోధన చేసి 1974లోనే కంప్యూటర్ బొమ్మల శాస్త్రానికి సంబంధించిన పత్రికలో వ్యాసం రాశారు. ఒక చిన్న గీతను ఏ నియమంతో తిప్పుతూ పోతే ఇంత పెద్ద ముగ్గవుతుందో, ఆ నియమాన్ని కంప్యూటర్‌కు అర్థమయ్యేలా ఎలా రాయాలో చూపించారు. అంటే మన అమ్మమ్మలు చేత్తో చేసినదాన్ని వాళ్ళు సూత్రంగా రాశారన్నమాట.

అయితే పుస్తకంలో ఉన్న ముగ్గు ఉన్నట్టు దింపటం వేరు, మీ ముగ్గు వెయ్యటం వేరు. ఒక గళ్ళ నోటుబుక్కు కొనండి. చిన్నదిగా 7 చుక్కలు, సందు చుక్క, 4 వచ్చేదాకా పెట్టుకోండి. మొత్తం 37 చుక్కలే. మొదటి రోజు తెలిసిన ముగ్గే వెయ్యండి. రెండో రోజు మధ్యలో పువ్వు తీసేసి ఇంకేదైనా పెట్టండి. మూడో రోజు అంచు మార్చండి. బాగా రాలేదా? పేజీ తిప్పండి, ఎవరు చూడొచ్చారు! నెల తిరిగేసరికి ఆ 37 చుక్కల్లోంచి మీరు ఎక్కడా చూడని ముగ్గు ఒక్కటైనా వస్తుంది. దాని కింద తేదీ వేసి మీ పేరు రాసుకోండి. పేరు రాయటం మాత్రం మర్చిపోవద్దు. స్టిక్కర్ ముగ్గులు అంటించేవాళ్ళను నేనేమీ అనను, అపార్టుమెంట్లలో వాకిలి ఎక్కడుంది? కానీ గళ్ళ నోటుబుక్కుకు వాకిలి అక్కర్లేదు కదా.

గోడ మీది బొమ్మ కాగితం మీదికి వస్తే ఏమవుతుందో బీహారులో మిథిల ఆడవాళ్ళను చూస్తే తెలుస్తుంది. వాళ్ళు పెళ్ళిళ్ళకు ఇంటి గోడల మీద బొమ్మలు వేసుకునేవాళ్ళు. 1934 భూకంపంలో ఇళ్ళు కూలినప్పుడు గానీ లోపలి గోడల మీద అలాంటి బొమ్మలున్నాయని ఒక ఇంగ్లీషు అధికారి కంటపడలేదు. 1960లలో అక్కడ కరువొచ్చినప్పుడు అఖిల భారత హస్తకళల బోర్డు వాళ్ళు కాగితాలిచ్చి “ఆ బొమ్మలే దీని మీద వెయ్యండి” అన్నారు. వేశారు, అమ్ముడుపోయాయి. 1975లో జగదంబా దేవి గారికి పద్మశ్రీ ఇచ్చారు. అదే చెయ్యి, అదే బొమ్మ. మారింది కాగితం ఒక్కటే! అంత దూరం ఎందుకు, మన ఉదయగిరిలో నర్ది కర్రతో చెంచాలు, గరిటెలు చెక్కేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. చెంచా పిడి మీద తీగలూ పువ్వులూ చెక్కే ఆ చేతులకు ఏ డిగ్రీలున్నాయి?

నెల్లూరు అంటే అందరూ తిక్కన గారు పదిహేను పర్వాలు రాసిన చోటు అని చెప్పుకుంటారు, మంచిదే. రామాయణం రాసిన ఆతుకూరి మొల్లను మాత్రం ఎప్పుడో గానీ తల్చుకోరు. కుమ్మరి ఇంటి ఆడపిల్ల. తనకు శాస్త్రాలూ అవీ తెలియవని ముందే చెప్పి మరీ ఆరు కాండలూ రాసింది. మనం కూడా “నాకేం తెలీదు” అంటాం. ఆవిడ ఆ మాట అని ఆగిపోలేదు, అదే తేడా.

తీరికేదమ్మా?

ఇదంతా చదివి మీరు అడగబోయేది నాకు తెలుసు. తీరికేది? పొద్దున టిఫిను, క్యారియర్లు, నీళ్ళు, బట్టలు, మధ్యాహ్నం ఎవరో ఒకరు వస్తారు, సాయంత్రం పిల్లల చదువులు. నిజమే. అందులో నోటుబుక్కు ముందేసుకుని కూర్చుంటే “పనీపాటా లేదా?” అనేవాళ్ళు ఇంట్లోనే ఉంటారు. మా ఇంట్లోనూ ఉన్నారు. చూడండి, మన పెద్దవాళ్ళు పనినీ పాటనూ జోడించే అన్నారు. మనకేమో పని మిగిలింది!

సారా ఉద్యమం తర్వాత మన జిల్లాలో పొదుపు లక్ష్మి సంఘాలు వచ్చాయి కదా. రోజుకో రూపాయి. “రూపాయితో ఏమొస్తుంది” అని అప్పట్లో నవ్వినవాళ్ళే తర్వాత ఆ సంఘంలో అప్పుకోసం వచ్చారు. అదే లెక్క ఇక్కడా పెట్టుకోండి. రోజుకు పది నిమిషాలు. అందరూ పడుకున్నాకనో, కుక్కర్ విజిల్ వచ్చేలోపో. నా మట్టుకు నేను మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు కూర్చుంటాను, టీవీ రాదు కాబట్టి ఎవరూ అడగరు. యూట్యూబ్ చూసి నేర్చుకోవటం తప్పు కాదు గానీ, చూస్తూ కూర్చుంటే ఆ పది నిమిషాలూ చూడటానికే సరిపోతాయి. ఒకసారి చూసి ఫోను మూసేసి, గుర్తున్నంతవరకు చెయ్యండి. గుర్తులేని చోట మీ బుర్రే పని చేస్తుంది.

ఇంకో మాట. ఇంట్లోవాళ్ళు మెచ్చుకుంటారని ఎదురు చూడకండి. మెచ్చుకుంటే సంతోషమే. లేకపోతే ఒక పక్కింటామెను తోడు చేసుకోండి. అక్షర దీపంలో కూడా ఒంటరిగా కూర్చుని ఎవరూ పాట కట్టలేదు.

ఒక పెద్దామె పాటలు

మా వీధి చివర ఒక పెద్దామె ఉంది. డెబ్భై ఐదు దాటి ఉంటాయి. ఒకప్పుడు నాట్లకు వెళ్తే ఈమె గొంతెత్తేదాకా మిగతావాళ్ళు మొదలుపెట్టేవాళ్ళు కాదట. మా వైపు వరి పొలాలు చాలావరకు రొయ్యల గుంటలయ్యాయి. మిగిలిన పొలాల్లోకి యంత్రాలొచ్చాయి. ఇక నాట్ల పాటలు ఎవరు పాడతారు, ఎక్కడ పాడతారు? ఆమె పిల్లలకు ఆ పాటలు రావు. అడిగితే “అయ్యేం పాటలమ్మా, పని మరుపుకి పాడుకునే ఊసులు” అని తీసిపారేస్తుంది. నాకు ఉన్నట్టుండి భయం వేసింది. ఈమె కన్నుమూస్తే ఈ పాటలన్నీ ఆమెతోనే పోతాయి కదా!

పోయిన ఏడు నుంచి వారానికి రెండు మధ్యాహ్నాలు ఆమె దగ్గరికి పొడుగు నోటుబుక్కు పట్టుకుని వెళ్తున్నాను. ఇప్పటికి 23 పాటలయ్యాయి. ఫోనులో గొంతు కూడా పట్టాను, ఎందుకంటే దీర్ఘం ఎక్కడ తీస్తుందో అక్షరాల్లో రాదు. ఇంట్లో వడియాలు ఎండబెట్టే పని ఉన్నా ఆ గంట మాత్రం మానను. మావారు మొదట్లో “ఇప్పుడు ఇవన్నీ ఎందుకు?” అన్నారు. ఈ మధ్య ఒక పాటలో చెరువు పేరు ఏ ఊరిదో నాకు తెలియకపోతే ఆయనే కనుక్కొచ్చి చెప్పారు.

రాసుకునేటప్పుడు ఒక వింత గమనించాను. ఒకే పాట రెండుసార్లు పాడితే రెండుసార్లూ ఒకలా ఉండదు. మొన్న పాడిన చరణం ఇవాళ ఉండదు, దాని బదులు ఇంకోటి వస్తుంది. “అమ్మమ్మా, పోయినసారి ఇట్టా లేదే?” అంటే “అదేందమ్మా, పాటంటే అట్టానే గదా” అంటుంది. మర్చిపోయిన చోట అక్కడికక్కడే అల్లేస్తోందని నాకు అర్థమయ్యేసరికి నెల పట్టింది. బాణీ చెడదు, ప్రాస తప్పదు. ఇప్పుడు రెండూ రాసుకుంటున్నాను, పక్కపక్కనే, తేదీలతో.

పోయిన వారం వెళ్ళేసరికి ఎప్పుడూ వినని పాట ఒకటి మొదలుపెట్టింది. రాత్రంతా రొయ్యల గుంటల్లో చక్రాలు తిరుగుతుంటాయి చూడండి, రొయ్యలకు గాలి ఆడటానికి? ఆ చప్పుడుకు తనకు నిద్ర పట్టటం లేదనీ, ఒకప్పుడు ఇదే పొలంలో కప్పల అరుపుకు ఆదమరిచి పడుకునేదాన్ననీ పాట. నాట్ల బాణీయే. “ఇదెప్పటిది అమ్మమ్మా?” అన్నాను.

“రేత్రి నిద్ర పట్టక అనుకున్నా. నువ్వు రాసుకో, రేపటికి నాకే గుర్తుండదు” అంది.