గోడ బోలు... రాడ్డు పదిలం!

అమెరికాలో కొత్త ఇల్లు కొనుక్కున్నారు. ముచ్చటపడి కర్టెన్లు తెచ్చి, రాడ్డుతో పాటు ఇచ్చిన నాలుగు స్క్రూలూ బిగించారు. వారం తిరక్కుండా రాడ్డూ కర్టెనూ కలిసి సోఫా మీదకి! గోడలో అరచేయంత గుంట. ఆ టైమ్‌కి పాకే పిల్లాడు అక్కడ లేడు కాబట్టి సరిపోయింది. చూడ్డానికి వెళ్లిన నాన్నగారైతే గోడను వేలితో కొట్టి, 'ఇదేం గోడరా, డబ్బాలా మోగుతోంది' అంటారు.

నిజమే మరి. అక్కడ ఎక్కువ ఇళ్లకు చెక్క ఫ్రేమే ఎముకలగూడు. దానికి లోపలివైపు బిగించేది జిప్సం బోర్డు. రెండు అట్టల మధ్య జిప్సం పోసి గట్టిపరిచిన పలక అన్నమాట. దీని తొలి రూపానికి అగస్టీన్ శాకెట్ 1894లోనే పేటెంటు తీసుకున్నారు. మందం సాధారణంగా అరంగుళం. దాని వెనక ఖాళీ, లేదంటే చలిని ఆపే దూదిలాంటి సరుకు. మన ఇటుక గోడలో ప్లాస్టిక్ ప్లగ్గు దూరిస్తే చుట్టూ ఉన్న గోడే దాన్ని బిగించి పట్టుకుంటుంది. ఇక్కడ పట్టుకోవడానికి ఏముందని? పొడి రాలడం తప్ప!

అసలు చిక్కు కర్టెన్ బరువుతో కాదు, లాగడంతో. రాడ్డు గోడకు మూడు నాలుగు అంగుళాలు ఎడంగా ఉంటుంది. పొద్దున్నే జర్రున లాగామా... బ్రాకెట్ మీటలా పనిచేసి పై స్క్రూను పెకలించేస్తుంది.

అందుకే ముందు చెక్కను వెతకండి. నిలువు చెక్కలు మామూలుగా 16 అంగుళాలకొకటి, కొన్నిచోట్ల 24కొకటి ఉంటాయి. గోడమీద గట్టి అయస్కాంతాన్ని మెల్లగా జరిపితే, బోర్డును చెక్కకు బిగించిన స్క్రూల దగ్గర అతుక్కుంటుంది. కిటికీకి రెండు పక్కలా చెక్క ఉండనే ఉంటుంది. పైన కూడా చాలా ఇళ్లలో అడ్డ దూలం దొరుకుతుంది. చిన్న రంధ్రం చేసి రెండంగుళాల స్క్రూ బిగిస్తే ఇక బెంగ లేదు. ప్యాకెట్లో వచ్చే పొట్టి స్క్రూలను పక్కన పెట్టేయండి.

కావలసిన చోట చెక్క లేదా? టాగుల్ బోల్టు వాడొచ్చు. రెక్కలు ముడిచి లోపలికి తోస్తే బోర్డు వెనక గొడుగులా విచ్చుకుంటుంది. అయితే ముందే బోల్టును బ్రాకెట్‌లోంచి దూర్చి ఆ తర్వాత రెక్కలు తగిలించాలి. తర్వాతెప్పుడైనా బోల్టు పూర్తిగా విప్పారో, రెక్కలు గోడలోపల పడిపోతాయి! బరువైన కర్టెన్లకైతే మరో మంచి మార్గముంది. ఒక చెక్క పట్టీకి గోడరంగే వేసి, రెండు మూడు నిలువు చెక్కలకు కలిపి బిగించేయండి. బ్రాకెట్లు దానిమీద ఎక్కడైనా పెట్టుకోవచ్చు. వెడల్పాటి కిటికీ అయితే మధ్యలో మరో బ్రాకెట్ తప్పనిసరి.

స్విచ్చులకు నిటారుగా పైనా కిందా కరెంటు తీగలు వెళ్లే వీలుంది, అక్కడ డ్రిల్లింగ్ వద్దు. అద్దె ఇల్లయితే ఓనర్‌ని అడగనిదే రంధ్రాలు చేయకండి, డిపాజిట్‌లో కోత పడొచ్చు. పల్చటి కర్టెన్లయితే కిటికీ చట్రం మధ్య బిగుతుగా నిలబడే స్ప్రింగు రాడ్డు చాలు.

ఇక పాత గుంట సంగతి. మళ్లీ అందులోనే ప్లగ్గు దూర్చకండి. బ్రాకెట్‌ను పక్కకు జరిపి, గుంట మీద జాలీ ప్యాచ్ అంటించి జాయింట్ కాంపౌండ్ పూయండి. ఆరాక నున్నగా రుద్ది రంగు వేస్తే సరి.