కారు లేకపోతే కడలి కనబడదా?
పర్చూరు పల్లెల నుంచి వాడరేవుకు బస్సు మీదే ఒకటిన్నర రోజు విహారం

పర్చూరు (మా విలేఖరి): సముద్రం మనకు ఎంత దూరం? పర్చూరు నుంచి చీరాలకు ఇరవై కిలోమీటర్ల లోపే. చీరాల నుంచి వాడరేవుకు మరో ఆరు కిలోమీటర్లు. గాలి తూర్పుకు తిరిగితే ఉప్పు వాసన మన చేల మీదికే వస్తుందని పెద్దలు అంటారు. అయినా మన పల్లెల్లో జన్మలో ఒక్కసారి కూడా సముద్రాన్ని చూడనివాళ్ళు ఇంకా ఉన్నారంటే నమ్ముతారా?

మిరప కోతలకు వెళ్ళే ఒక పెద్దావిడ అరుగు మీద కూర్చుని ఈ విలేఖరితో అన్న మాట ఇది: "పెళ్ళయినకాడి నుంచీ తీసకపోతా తీసకపోతా అంటానే ఉన్నాడు నాయనా మీ పెదనాన్న. ఆయన పోయాడు. పిల్లకాయలు పట్నం పోయారు. సముద్రం మాత్రం ఆడనే ఉంది."

"పోదాం పెద్దమ్మా, దానికేముంది?" అంటే ఆమె వేలు మడిచి లెక్క చెప్పింది. అద్దె కారుకు వేలు కావాలి. ఆటో మాట్లాడుకుంటే పదిమందిని కుక్కుతారు. పైగా ఇంట్లో పాడి గేదె ఉంది, దాని పాలు ఎవరు తీస్తారు?

ఆ లెక్కకు జవాబు వెతకబోతేనే ఈ వ్యాసం పుట్టింది. మార్గశిర మాసంలో ఆమె, వీధిలోని మరో ముగ్గురు ఆడవాళ్ళు, ఇద్దరు మనవలు బయలుదేరారు. వాళ్ళ వెంట ఈ విలేఖరి కూడా వెళ్ళి వచ్చాడు. కారు ఎక్కింది లేదు, అప్పు చేసింది లేదు.

ముందు గేదె సంగతి

పల్లెవాళ్ళకు ప్రయాణమంటే మొదట అడ్డొచ్చేది డబ్బు కాదు, గొడ్డూగోదా. అందుకని ప్రయాణాన్ని పాలు తీసే వేళలకు సరిపోయేలా అమర్చుకోవాలి. మొదటి రోజు పొద్దున పాలు పిండి, గడ్డి వేసి, అన్నాలు తిని బయలుదేరాలి. రెండో రోజు సాయంత్రం పాల వేళకు ఇంటికి చేరాలి. మధ్యలో పోయేది రెండే పూటలు. ఆ రెండు పూటలకూ పక్కింటివాళ్ళను ఒప్పించుకోవడం కష్టమేమీ కాదు. వచ్చేవారం వాళ్ళు వెళ్తారు, అప్పుడు వీళ్ళు చూస్తారు. బదులు పని మన పల్లెలకు కొత్త కాదు కదా!

ఆడవాళ్ళకు బస్సు ఉచితం

2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో స్త్రీశక్తి పథకం అమలులోకి వచ్చింది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళు టిక్కెట్టు డబ్బు లేకుండా ప్రయాణం చేయవచ్చు. ఆధార్ కార్డో, ఓటరు కార్డో, రేషన్ కార్డో దగ్గర ఉండాలి. కండక్టరు సున్నా టిక్కెట్టు ఇస్తాడు. దాన్ని పారేయక చివరిదాకా ఉంచుకోవాలి. సూపర్ లగ్జరీ వంటి బస్సుల్లో ఈ సౌకర్యం లేదు కనుక ఎక్కేముందే బోర్డు చూసుకోవడం మంచిది.

రోడ్డు సంగతి చెప్పాలంటే, పిడుగురాళ్ళ నుంచి నరసరావుపేట, చిలకలూరిపేట, పర్చూరు, చీరాల మీదుగా వాడరేవు దాకా వచ్చే 167-ఏ జాతీయ రహదారి మన ముంగిట్లోంచే పోతున్నది. రేపల్లె వైపు వారికి రైలు ఉంది. తెనాలి దాకా వచ్చి, అక్కడ బండి మారితే నిడుబ్రోలు, బాపట్ల దాటి చీరాలలో దిగవచ్చు. మద్రాసు వెళ్ళే పెద్ద లైను మీదే చీరాల స్టేషను ఉంది.

రాత్రి బస చీరాలలోనే

సముద్రం ఒడ్డునే పడుకోవాలని చాలామంది సరదా పడతారు. తీరాన ఉన్న రిసార్టులు మన సంచికి అందేవి కావు. ఇసుకలో పడుకుందామంటే ఆడవాళ్ళూ పిల్లలతో అది భద్రం కాదు. చీరాల ఊళ్ళో సాదా లాడ్జిలు ఉన్నాయి. నలుగురు కలిసి ఒక గది తీసుకుంటే భారం తగ్గుతుంది. ఆదివారాలు, కార్తీక మాసం, పండుగ సెలవులు వద్దు. ఆ రోజుల్లో ఒడ్డున మనుషులే కనబడతారు, నీళ్ళు కనబడవు. మంగళ, బుధ వారాల్లో వెళ్తే గదులు తేలికగా దొరుకుతాయి, కెరటాల చప్పుడూ వినబడుతుంది.

మా బృందం మధ్యాహ్నం రెండు గంటలకు చీరాలలో దిగింది. మూటలు గదిలో పెట్టి, నాలుగు గంటలకు షేర్ ఆటోలో వాడరేవు చేరాం. ఎండ తగ్గింది. ఆ సాయంత్రం ఎవరూ నీళ్ళలోకి దిగలేదు, ఒడ్డున కూర్చున్నారంతే. చీకటి పడకముందే తిరిగి వచ్చేశాం. వస్తూ వస్తూ, తెల్లవారుజామున గది దగ్గరికి రమ్మని ఆ ఆటో అతనితోనే మాట్లాడుకున్నాం. ఇది మరచిపోకూడని పని. ఆ వేళప్పుడు రోడ్డు మీద నిలబడితే బండి దొరుకుతుందన్న నమ్మకం లేదు.

పొద్దు పొడిచే వేళ

మనది తూర్పు తీరం. సూర్యుడు నీళ్ళలోంచే లేస్తాడు. చలికాలంలో ఆరున్నర ప్రాంతంలో పొద్దు పొడుస్తుంది. పావుగంట ముందుగానే ఒడ్డున ఉండాలి. వేట ముగించుకుని పడవలు వచ్చేదీ, చేపల బేరాలు సాగేదీ ఆ వేళలోనే. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేటకు నిషేధం ఉంటుంది కనుక ఆ రోజుల్లో ఈ సందడి పలచబడుతుంది.

శనగ విత్తేశాక, మిరప కోతలు ముమ్మరం కాకముందు మనకు కాస్త తీరిక. వాతావరణమూ చల్లగా ఉంటుంది. అయితే అది తుపానుల కాలం కూడా. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. రేడియోలోనో టీవీలోనో వాయుగుండం మాట వినబడితే ప్రయాణం మానుకోండి. సముద్రం ఎక్కడికీ పోదు.

కెరటంతో ఆటలొద్దు

ఆ ఉదయం మా కళ్ళముందే ఒక సంఘటన జరిగింది. వేరే ఊరినుంచి వచ్చిన కుర్రవాళ్ళు నడుము లోతుకు దిగారు. అందులో ఒకడు చూస్తుండగానే లోపలికి జరిగిపోయాడు. కేకలు విని ఇద్దరు మత్స్యకారులు తాడుతో దూకి జుట్టు పట్టి లాక్కొచ్చారు. వాడు బతికాడు. ఒడ్డున కూర్చున్న పెద్దమ్మ మనవలిద్దరి చేతులు పట్టుకుంది, మళ్ళీ చాలాసేపు వదలలేదు.

అందరి అదృష్టం అలా ఉండదు. వాడరేవులోనూ సూర్యలంకలోనూ స్నానాలకు దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవారి వార్తలు ఈ పేజీలోనే చదువుతున్నాం. చెరువులో ఈత వచ్చిన ధైర్యం సముద్రంలో పనికిరాదు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన నీళ్ళు తిరిగి పోవడానికి ఒక దారి చేసుకుంటాయి. రెండు వైపులా కెరటాలు విరుగుతుంటే మధ్యలో ఒకచోట నీళ్ళు నునుపుగా, ముదురు రంగులో కనబడతాయి. అక్కడ ప్రశాంతంగా ఉందని దిగుతారు. లాక్కుపోయేది అదే! పొరపాటున చిక్కితే ఒడ్డుకేసి ఎదురీదవద్దు, చేతులు సత్తువ తగ్గిపోతాయి. తీరం వెంబడి పక్కకు ఈదితే ఆ లాగుడు తప్పుతుంది. ఈత రానివారు చెయ్యెత్తి కేకవేయాలి. ఒడ్డున ఉన్నవాళ్ళు తామూ దూకకుండా తాడో, మూత బిగించిన ఖాళీ డబ్బానో విసరాలి. 112కు గానీ 108కి గానీ ఫోను చేయాలి.

మోకాలి లోతు దాటవద్దు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఎక్కువ. తాగినవాళ్ళను నీళ్ళ దగ్గరికే రానివ్వకండి. తడిసిన చీర కాళ్ళకు చుట్టుకుంటుంది కాబట్టి ఆడవాళ్ళు చీర బిగించి గోచీ పెట్టుకోవడమో, చుడీదారు వేసుకోవడమో మేలు. పిల్లల జేబులో ఇంటిపేరు, ఫోను నంబరు రాసిన చీటీ పెట్టండి. తాగే నీళ్ళు, పులిహోర పొట్లం ఇంటినుంచే తెచ్చుకోండి. తిన్న కవర్లు మాత్రం ఇసుకలో వదలకండి. చలికాలం చివర ఈ తీరానికి తాబేళ్ళు వచ్చి గుడ్లు పెడతాయి.

తిరుగు ప్రయాణంలో

తొమ్మిది గంటలకల్లా ఎండ ముదురుతుంది. చీరాలకు తిరిగొచ్చి టిఫిను చేశాక మధ్యాహ్నం దాకా వేళ ఉంటుంది. ఈ ఊరు మామూలు ఊరు కాదు. 1921లో పన్నుల భారం మోపిన మునిసిపాలిటీని కాదని చీరాల, పేరాల జనం ఇళ్ళు విడిచి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వాన ఊరి వెలుపల రామనగరంలో పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. చేనేత చూడాలనుకునేవారు జాండ్రపేట వెళ్ళవచ్చు. పుస్తకప్రియులు పక్కనే ఉన్న వేటపాలెంలో 1918లో స్థాపించిన సారస్వత నికేతనం గ్రంథాలయాన్ని తప్పక చూడాలి. వేటపాలెం జీడిపప్పు సంగతి వేరే చెప్పాలా? పొన్నూరు, కర్లపాలెం వైపు వారికి బాపట్ల దగ్గర. అక్కడ భావనారాయణ స్వామి దర్శనం చేసుకుని, సుమారు తొమ్మిది కిలోమీటర్ల దూరంలోని సూర్యలంకకు ఇదే పద్ధతిలో వెళ్ళి రావచ్చు.

మేము ఒంటిగంట బస్సు ఎక్కాం. పెద్దమ్మ కిటికీ పక్కన కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. ఎలా ఉంది పెద్దమ్మా అని అడిగితే, "ఇంత దగ్గరుందని తెలిస్తే ఆయన ఉన్నప్పుడే పోయేవాళ్ళం నాయనా" అంది. కొంగు చివర ముడివేసిన నాలుగు గవ్వలు మనవడు అడిగినా ఇవ్వలేదు. గోడ మీద ఆయన ఫోటో ముందు పెట్టాలట.

మూడు గంటలకు ఊళ్ళో దిగాం. దొడ్లో గేదె అరుస్తోంది. పాల వేళకు ఇంకా చాలా టైముంది.

మీ ఇంట్లోనూ సముద్రం చూడని పెద్దవాళ్ళు ఉంటే, వచ్చే ఏడాది అని వాయిదా వేయకండి.