తాబో: మట్టిలో వెలసిన విహారము

హిమాచల ప్రదేశ్‌లోని స్పితి లోయలో, సుమారు 3,280 మీటర్ల ఎత్తున తాబో గ్రామమున్నది. క్రీ.శ. 996లో వెలసిన అచ్చటి బౌద్ధవిహారమును దర్శింపబోయిన మేము ఉన్నత శిఖరములకై వెదకితిమి, కానవచ్చినవి మట్టిగోడలే! లోనికి అడుగిడగా మసక వెలుతురులో శతాబ్దాల నాటి వర్ణచిత్రములు, మట్టితో మలచిన దేవతామూర్తులు సాక్షాత్కరించినవి.

గ్రామములోని ఇండ్లును అట్టివే. వానలు అరుదైన శీతల ఎడారి యగుటచే పచ్చి ఇటుకలు, చదునైన మట్టికప్పులు చాలినవి. ఆ పొడిగాలియే చిత్రములను కాపాడినది.

1975 నాటి భూకంపము విహారమును దెబ్బతీసినది. నేడు వానలు హెచ్చి, కప్పులు నాని, కారిన నీరు చిత్రములను చెరుపుచున్నది. సిమెంటు పూయుదమన్నచో అది గోడలోని తేమను బయటికి పోనీయదు. మట్టిని మట్టితోనే బాగుచేయవలెను. ఆ పని నెరిగిన గ్రామస్థుల చేతులే తాబోకు రక్ష యని మేము గ్రహించితిమి.