కంద వేయబోయే ముందు



"కందకు లేని దురద కత్తిపీటకెందుకు" అని మన పెద్దల సామెత. దురద మాట అటుంచి, కంద సాగులో రైతును బాధపెట్టేది విత్తనం ఖర్చు. నేడు ఆ సంగతే మనవి చేస్తాను.

పెండలం, చేమ, కంద మూడూ దుంపకూరలే అయినా ఒక జాతివి కావు. పెండలం తీగ. కంద చేమకు చుట్టం. కందకు కాండంలా కనిపించేది నిజానికి ఆకు తొడిమ. అసలు కాండం భూమిలో ఊరే దుంపే. అందులోని సన్నని సూదుల వంటి ఆగ్జలేటు స్ఫటికాలే దురదకు కారణం. చింతపండు వేసి బాగా ఉడికిస్తే దురద తగ్గుతుంది. ఆవ పెట్టిన కంద బచ్చలి రుచి గోదావరి వారికి వేరే చెప్పాలా! కొవ్వూరు పరిశోధనా స్థానం నుండి వచ్చిన గజేంద్ర రకానికి దురద బహు తక్కువ.

ఇక విత్తనం లెక్క చూడండి. మూడేసి అడుగుల ఎడంలో ఎకరానికి సుమారు 5,000 గుంటలు. గుంటకు అరకిలో ముక్క చొప్పున 2,500 కిలోల విత్తనం కావాలి! చిన్న రైతుకు ఇది అప్పుతో కూడిన పని.

మా పరిధిలో ఒక రైతు అలాగే అప్పు తెచ్చి విత్తనం కొన్నాడు. దుంపలను అడ్డదిడ్డంగా కోసి నాటాడు. కన్ను లేని ముక్కలు చాలా మట్టుకు మొలవలేదు. ఆ ఏడు అప్పు మిగిలింది. కోసేనాడు నేను అక్కడ లేకపోతినే అని ఇప్పటికీ అనుకుంటాను.

కాబట్టి గమనించండి. దుంప నడినెత్తిన ఉన్న కన్ను ప్రతి ముక్కకూ కొంత వచ్చేలా, పైనుంచి కిందికి నిలువునా కోయవలెను. కుళ్ళిన దుంప వద్దు. ముక్కలను ట్రైకోడెర్మా కలిపిన పేడ నీళ్ళలో ముంచి, నీడన ఆరబెట్టి నాటండి. గుంటకు 2 కిలోల చివికిన పశువుల ఎరువు వేయండి. నాటాక ఎండుటాకులు కప్పండి. నీరు నిలిచినా, కలుపు తీసేటప్పుడు మొదలుకు దెబ్బ తగిలినా మొదలు కుళ్ళు తెగులు వస్తుంది.

మరి డబ్బు లేనివారి మాటేమిటి? తొలి ఏడు 10 సెంట్లే వేయండి. కన్నుతో కూడిన 100 గ్రాముల ముక్కలు, రెండడుగులకు అడుగున్నర ఎడంలో నాటితే, 1,500 మొక్కలకు 150 కిలోలు చాలు. వచ్చే దుంపలను కోయకుండా మలి ఏడు విత్తనంగా నాటితే 30 సెంట్లకు సరిపోతాయి. ఆ పంటలోంచి మూడో ఏటికి ఎకరం విత్తనం సమకూర్చుకోవచ్చు. కొబ్బరి తోట ఉన్నవారు అందులోనే అంతరపంటగా మొదలుపెట్టవచ్చు.

ఎనిమిది తొమ్మిది నెలలకు ఆకు పండి వాలిపోతుంది. అప్పుడు తవ్వండి. ధర లేకపోతే తొందరపడవద్దు. నేల తడి లేకుండా ఉంటే దుంప కొన్నాళ్ళు భూమిలోనే భద్రంగా ఉంటుంది.

అప్పు చేసి ఎకరం వేసేకంటే, ఓపికపట్టి పది సెంట్లు వేయడమే మేలు. సెలవు.