బ్యాండ్‌లో చోటు దొరకని పాట పేరే ఆల్బమ్ పేరైంది

మొన్న శామీర్‌పేట చెరువు కట్ట మీద ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, మా బ్యాండ్‌లో నా పాట ఒక్కటీ తీసుకోవట్లేదు. బయటికొచ్చెయ్యాలా?" మేడ్చల్ సైడ్ కాలేజీల్లో గిటార్ పట్టుకున్న చాలామందికి ఈ బాధ తెలుసు. అందుకే ఈరోజు జార్జ్ హారిసన్ గురించి చెప్తా.

హారిసన్ బీటిల్స్ లీడ్ గిటారిస్ట్. ఆ బ్యాండ్‌లో ఎక్కువ పాటలు జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ రాసేవాళ్లు. ఒక ఆల్బమ్‌లో హారిసన్‌కి మామూలుగా దక్కేది ఒకటో రెండో. మిగతావి అలాగే ఉండిపోయేవి, మన ఫోన్లో డ్రాఫ్ట్స్ పేరుకుపోయినట్టు. 1969 జనవరిలో 'ఆల్ థింగ్స్ మస్ట్ పాస్' అనే పాటని బ్యాండ్‌తో ప్రాక్టీస్ చేశాడు, కానీ ఆల్బమ్‌లోకి రాలేదు. అదే నెల 10న రిహార్సల్ మధ్యలో లేచి వెళ్లిపోయాడు. కొన్ని రోజులకి తిరిగొచ్చాడు గానీ, 1970 ఏప్రిల్‌కల్లా బ్యాండే విడిపోయింది.

అదే ఏడాది నవంబర్‌లో హారిసన్ ఆల్బమ్ వచ్చింది. పేరు ఏంటో తెలుసా? ఆ పక్కన పెట్టిన పాట పేరే! ఒకటి కాదు, ఏకంగా మూడు ఎల్పీ రికార్డుల సెట్. అంతకుముందు ఒక సినిమా సంగీతం, ఒక ఎలక్ట్రానిక్ ప్రయోగం సొంతంగా చేశాడు. కానీ బ్యాండ్ విడిపోయాక మొదటిది ఇదే.

ఇందులో స్లైడ్ గిటార్ వినండి. వేలికి గొట్టం తొడిగి తీగ మీద జారుస్తారు. స్వరం మెట్టు మెట్టుగా కాకుండా జారుతూ వెళ్తుంది. వీణలో జారు విన్నవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు. హారిసన్ రవిశంకర్ దగ్గర సితార్ నేర్చుకున్న మనిషి మరి.

'మై స్వీట్ లార్డ్' అమెరికా, బ్రిటన్ రెండు చోట్లా నంబర్ వన్. కానీ అదే పాట మీద కేసు పడింది. 1963లో షిఫాన్స్ పాడిన 'హీ ఈజ్ సో ఫైన్' ట్యూన్‌లాగే ఉందని. కావాలని కొట్టేయలేదు, తెలియకుండానే కాపీ అయిందని 1976లో జడ్జి తేల్చారు. అయినా బాధ్యత తప్పలేదు.

కాబట్టి తమ్ముడూ, బ్యాండ్ వదలాలా వద్దా అన్నది నువ్వే తేల్చుకో. వాళ్లు వద్దన్నారని పాట రాయడం మాత్రం ఆపకు. రిలీజ్‌కి ముందు నలుగురికి వినిపించి, "ఇది ఎక్కడైనా విన్నట్టుందా?" అని అడుగు. మళ్లీ కలుద్దాం.